పసిపిల్లల పెంపకం: సంతోషమెంత, అలసటెంత, ఎదిగేదెవరు?

2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఒక పాత నిబంధనను ఎత్తేసింది. ఇద్దరికంటే ఎక్కువమంది పిల్లలున్నవాళ్ళు పంచాయతీ, మునిసిపల్ ఎన్నికల్లో పోటీ చేయకూడదన్న నిబంధన అది. దానికి కొద్ది వారాల ముందు నుంచే ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు ఎక్కువమందిని కనమని సభల్లో చెబుతూ వస్తున్నారు. అప్పటినుంచి ఈ మాట ఇళ్ళలోకి వచ్చేసింది. గుంటూరు బ్రాడీపేటలో అపార్ట్‌మెంటు మెట్ల దగ్గరా, విజయవాడ బెంజ్ సర్కిల్ పక్క టీ కొట్ల దగ్గరా మూడేళ్ళ పిల్లాడున్న జంటలకు ఎదురయ్యే ప్రశ్న ఒకటే: “రెండోవాళ్ళు ఎప్పుడు?” తరచుగా వినపడే జవాబూ ఒకటే: “ఒక్కడితోనే ఊపిరాడటం లేదండీ.”

ప్రభుత్వం కంగారుకు కారణం ఒక అంకె. ఒక స్త్రీ తన జీవితకాలంలో సగటున ఎంతమందిని కంటుందో చెప్పే లెక్కను సంతానోత్పత్తి రేటు అంటారు. జనాభా తగ్గకుండా నిలకడగా ఉండాలంటే అది సుమారు 2.1 ఉండాలి. 2019–21లో జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో అది 2.0, ఆంధ్రప్రదేశ్‌లో 1.7.

ఇది జనాభా లెక్కల సంగతి. కనే జంట మనసులో ఉన్న లెక్క వేరు. పిల్లలు పుడితే మన సంతోషం పెరుగుతుందా, తగ్గుతుందా? పెంచడం వల్ల మనలో ఏమైనా మారుతుందా, లేక అది పెద్దవాళ్ళు ఊరికే అనే మాటా? దీనిమీద ఫోన్లలో రెండు రకాల కబుర్లు తిరుగుతుంటాయి. పిల్లలుంటే ఇల్లు స్వర్గం అనేది ఒకటి. పిల్లలు పుట్టాక జంటల సంతోషం పడిపోతుందని పరిశోధనలు తేల్చాయనేది రెండోది. రెండింటికీ ఆధారాలున్నాయి. చిక్కంతా అవి కొలిచింది ఒకే వస్తువును కాకపోవడం.

సర్వేలు అడిగే మూడు వేర్వేరు ప్రశ్నలు

మొదటిది, “ఇప్పుడు, ఈ గంటలో, మీకెలా ఉంది?” దీన్ని క్షణానుభవం అనుకుందాం. రెండోది, “మొత్తం మీద మీ జీవితం ఎలా ఉంది?” ఇది సంతృప్తి. మూడోది, “మీరు చేస్తున్నదానికి విలువ ఉందని అనిపిస్తుందా?” ఇది సార్థకత. పసిపిల్లలున్న ఇంట్లో ఈ మూడూ మూడు దిక్కులకు పోగలవు. రాత్రి రెండింటికి ఏడుస్తున్న బిడ్డను భుజాన వేసుకుని హాల్లో తిరుగుతున్న తండ్రికి మొదటి ప్రశ్న వేస్తే ఏం చెబుతాడో ఊహించుకోవచ్చు. అదే మనిషిని ఆదివారం మధ్యాహ్నం కూర్చోబెట్టి మూడో ప్రశ్న అడిగితే జవాబు ఇంకోలా వస్తుంది. రెండుసార్లూ అతను నిజమే చెబుతున్నాడు.

పిల్లలు సంతోషాన్ని తగ్గిస్తారనే వార్తల్లో చాలావాటికి మూలం మొదటి ప్రశ్న. మనస్తత్వ శాస్త్రవేత్త, ఆర్థికశాస్త్రంలో నోబెల్ పొందిన డేనియల్ కానెమన్ బృందం 2004లో అమెరికాలోని టెక్సాస్‌లో 909 మంది ఉద్యోగినులతో ఒక అధ్యయనం చేసింది. ముందురోజును సినిమా రీళ్ళలా ముక్కలు చేసి, ఒక్కో ముక్కలో తమకు ఎలా అనిపించిందో వాళ్ళను రాయమంది. పిల్లల్ని చూసుకోవడం టీవీ చూడటం కంటే, వంట కంటే, షాపింగ్ కంటే కింద నిలిచింది. ఆఫీసు పనికీ ఆఫీసు ప్రయాణానికీ మాత్రం కాస్త పైన ఉంది.

పటమటలో ఒక రోజు: అంకెలు వేసి చూస్తే

ఆ ఫలితం ఎందుకు అలా వస్తుందో ఊహించిన ఉదాహరణతో చూద్దాం. విజయవాడ పటమటలో మూడున్నరేళ్ళ పాప ఉన్న ఇల్లు. తల్లీ తండ్రీ ఇద్దరూ ఉద్యోగస్తులు. తల్లి తన రోజుకు పదికి మార్కులు వేసుకుంటోంది.

ఉదయం 7 నుంచి 9 దాకా రెండు గంటలు. పళ్ళు తోమించుకోదు, నిన్నటి పచ్చ గౌనే కావాలంటుంది, అది ఉతుకులో ఉంది. పాలు సగం తాగి సగం ఒలకబోసింది. కింద స్కూలు ఆటోవాడు హారన్ కొడుతున్నాడు. ఈ రెండు గంటలకూ మూడు మార్కులు. సాయంత్రం 6 నుంచి 8 దాకా ఆట, ఏడుపు, మళ్ళీ ఆట. అయిదు మార్కులు. 8 నుంచి 9 దాకా అన్నం పెట్టడం. పప్పూ నెయ్యీ కలిపిన అన్నం బుగ్గన పెట్టుకుని మింగదు. “అదిగో కాకి, అదిగో పిల్లి” అని బాల్కనీకీ వంటింటికీ మధ్య పది చుట్లు తిప్పాలి. మూడు మార్కులు. 9 నుంచి 9:30 దాకా పక్కలో కథ. రోజూ అదే కుందేలు, అదే సింహం, ఒక్క మాట మార్చినా ఒప్పుకోదు. నిద్రలోకి జారుతూ అమ్మ చెవి పట్టుకుంటుంది. తొమ్మిది మార్కులు.

గంటల ప్రకారం సగటు తీద్దాం. రెండు మూళ్ళు ఆరు, రెండు అయిదులు పది, ఒక మూడు, అర గంటకు నాలుగున్నర. మొత్తం 23.5. గంటలు అయిదున్నర. సగటు 4.3 దగ్గర ఆగింది. పిల్లల్లేని పక్క ఫ్లాటావిడ అదే సాయంత్రం సీరియల్ చూస్తూ ఆరు మార్కులు వేసుకుంది. కాబట్టి టీవీ గెలిచింది, పాప ఓడింది.

ఇప్పుడు అదే తల్లిని పడుకునే ముందు, “ఇవాళ నీకు అన్నిటికంటే బాగున్నది ఏది?” అని అడగండి. సీరియల్ చూసినావిడకు ఆరే గరిష్ఠం. ఈమె రోజులో తొమ్మిది ఉంది. మనిషి జ్ఞాపకం గంటలను కూడి సగటు తీయదనీ, బాగా ఎత్తుగా ఉన్న ఘట్టాన్నీ ముగింపునీ పట్టుకుంటుందనీ కానెమన్ వేరే ప్రయోగాల్లో చూపించారు. పిల్లలు తమ రోజులోని అత్యుత్తమమైన అరగంటను సరిగ్గా నిద్రపోయే ముందు పెడతారు. వాళ్ళ అదృష్టమో మన అదృష్టమో!

“కాకి పిల్ల కాకికి ముద్దు” వాదన

ఇక్కడ అనుమానించేవాళ్ళకు ఒక గట్టి ప్రశ్న ఉంది. ఆ జ్ఞాపకం నిజమా, మనల్ని మనం సమాధానపరచుకోవడమా? ఇంత డబ్బూ నిద్రా ధారపోశాక సంతోషంగా లేమని ఒప్పుకోవడం ఎవరికైనా కష్టమే. దీన్ని పరీక్షించిన ప్రయోగం ఒకటి 2011లో వచ్చింది. రిచర్డ్ ఐబాక్, స్టీవెన్ మాక్ అనే పరిశోధకులు కొందరు తల్లిదండ్రులకు పిల్లల పెంపకానికయ్యే ఖర్చు గురించి మాత్రమే చదవడానికి ఇచ్చారు. మరికొందరికి దాంతోపాటు పెద్దయ్యాక పిల్లలు ఆదుకుంటారన్న లాభాన్నీ చెప్పారు. ఖర్చు మాత్రమే చదివినవాళ్ళే పెంపకాన్ని ఎక్కువగా పొగిడారు. పోగొట్టుకున్నది గుర్తుకొచ్చిన కొద్దీ దక్కినదాన్ని పెద్దది చేసుకున్నారన్నమాట.

ఈ వాదనను తేలిగ్గా కొట్టిపారేయలేం. కానీ ఇదే మొత్తం కథ కూడా కాదు. 2013లో కేథరిన్ నెల్సన్, సోన్యా ల్యుబోమిర్‌స్కీ బృందం చేసిన మూడు అధ్యయనాల్లో తల్లిదండ్రులు సార్థకత విషయంలోనే కాదు, రోజువారీ అనుభవంలోనూ మిగతావాళ్ళ కంటే కొంత మెరుగ్గా కనిపించారు. అయితే ఆ మేలు తండ్రుల్లో స్పష్టంగా ఉంది, తల్లుల్లో అంతగా లేదు. ఈ చిన్న తేడాను వదిలేయకూడదు. అసలు ముడి అక్కడే ఉందని నాకనిపిస్తుంది.

ఒకే బిడ్డ, ఇద్దరికి రెండు రకాల గంటలు

తండ్రికి ఎందుకు ఎక్కువ బాగుంటుంది? 2016లో కెల్లీ మ్యూజిక్, ఆన్ మీయర్, సారా ఫ్లడ్ అమెరికా సమయ వినియోగ లెక్కలను తిరగేసి ఒక వివరణ ఇచ్చారు. బిడ్డతో ఉన్న గంటల్లో తల్లులకు అలసట, ఒత్తిడి ఎక్కువ. అందుకు కొంత కారణం వాళ్ళు చేసే పనుల్లోనే ఉంది. తండ్రి వాటాకు ఆట ఎక్కువ వస్తుంది. తల్లి వాటాకు కడగడం, తినిపించడం, రాత్రి లేవడం వస్తాయి, అదీ చాలాసార్లు ఒంటరిగా.

మన దగ్గర ఇంకాస్త ఎక్కువే. 2024లో జరిగిన జాతీయ సమయ వినియోగ సర్వేలో 15–59 ఏళ్ళ స్త్రీలలో 41 శాతం మంది ఇంట్లోవాళ్ళ సంరక్షణ పనిలో పాల్గొన్నారు, పురుషుల్లో 21.4 శాతం. పాల్గొన్నవాళ్ళలో స్త్రీలు రోజుకు 140 నిమిషాలు, పురుషులు 74 నిమిషాలు అందుకు వెచ్చించారు. వంట, బట్టలు, గిన్నెలు ఈ లెక్కలోకి రావు. అవి వేరే పద్దు.

పటమట ఉదాహరణకే తిరిగి వెళదాం. ఆ ఇంట్లో తండ్రి ఏడున్నరకు ఇంటికొచ్చి, అరగంట పాపను గాల్లోకి ఎగరేసి, తొమ్మిదికి కథ తనే చెప్పాడనుకోండి. అతని గంటకు సగటు ఎనిమిది దగ్గర ఉంటుంది. తల్లికి కథ అరగంట పోయింది కాబట్టి ఆమె సగటు 4.3 నుంచి 3.8కి దిగుతుంది. అదే రోజు, అదే పాప. “పిల్లలంటే ఎంత ఆనందమో” అని అతను అంటాడు. ఆవిడ ఏమీ అనదు.

ఇంకో రెండు సంగతులు కూడా సగటులను అటూ ఇటూ లాగుతాయి. ఒకటి వయసు. రేచల్ మార్గోలిస్, మిక్కో మిర్స్‌కిలా 86 దేశాల సర్వేలను కలిపి 2011లో ప్రచురించిన పరిశీలనలో, ముప్ఫై లోపు వయసువాళ్ళలో పిల్లల సంఖ్య పెరిగే కొద్దీ సంతోషం తగ్గింది. నలభై దాటినవాళ్ళలో తిరగబడింది. రెండోది, ఆ దేశం ఇచ్చే ఆసరా. 2016లో జెన్నిఫర్ గ్లాస్ బృందం 22 సంపన్న దేశాలను పోలిస్తే, పిల్లలున్నవాళ్ళకూ లేనివాళ్ళకూ మధ్య సంతోషంలో తేడా అమెరికాలో అన్నిటికంటే ఎక్కువగా తేలింది. జీతంతో కూడిన సెలవు, చవకలో శిశు సంరక్షణ ఉన్న దేశాల్లో ఆ తేడా తక్కువ, కొన్నిచోట్ల తల్లిదండ్రులే ఎక్కువ సంతోషంగా ఉన్నారు. అంటే అమెరికా లెక్కలను తెచ్చి ఇదే మానవ స్వభావం అనడం కుదరదు. ఆ అలసటలో కొంత బిడ్డ తెచ్చింది కాదు, ఆసరా లేకపోవడం వల్ల వచ్చింది.

పెంచేవాళ్ళ ఒంట్లో ఏం మారుతుంది?

సంతోషం సంగతి అలా ఉంచితే, “బిడ్డ పుట్టాక మనిషి మారిపోయాడు” అని మనవాళ్ళు అంటుంటారు కదా. ఈ మార్పుకు శరీరంలో ఆనవాళ్ళున్నాయి.

స్పెయిన్‌లో ఎల్సెలైన్ హుకెమా బృందం గర్భం దాల్చక ముందూ, ప్రసవం తర్వాతా తల్లుల మెదడును స్కాన్ చేసి 2017లో ఫలితాలు ప్రకటించింది. ఎదుటివాళ్ళ మనసులో ఏముందో పసిగట్టడానికి ఉపయోగపడే ప్రాంతాల్లో బూడిదరంగు పదార్థం పరిమాణం తగ్గింది. ఆ మార్పు కనీసం రెండేళ్ళు నిలిచింది. తగ్గిందంటే మతిమరుపు అని కంగారు పడక్కర్లేదు. కౌమారంలోనూ మెదడు ఇలాగే అనవసరమైన లింకులను కత్తిరించి పని చక్కబరుస్తుంది, ఇదీ అలాంటిదే కావచ్చని ఆ పరిశోధకుల అభిప్రాయం. మార్పు ఎక్కువ కనిపించిన తల్లులకు బిడ్డతో బంధమూ గట్టిగా ఉంది.

మరి గర్భం మోయని తండ్రి సంగతి? ఇజ్రాయెల్‌లో రూత్ ఫెల్డ్‌మన్ బృందం 2014లో బిడ్డ ఆలనాపాలనా ప్రధానంగా తామే చూసుకునే తండ్రులను పరిశీలించింది. తల్లుల్లో చురుగ్గా పనిచేసే భావోద్వేగ కేంద్రాలు ఈ తండ్రుల్లోనూ చురుగ్గా ఉన్నాయి. తండ్రి బిడ్డ పనిలో గడిపిన సమయం ఎంత ఎక్కువైతే మెదడులో రెండు ప్రాంతాల మధ్య అనుసంధానం అంత గట్టిగా ఉంది. ఫిలిప్పీన్స్‌లోని సెబూలో లీ గెట్లర్, క్రిస్టఫర్ కుజావా 624 మంది యువకులను నాలుగున్నరేళ్ళు వెంటాడి 2011లో ఇంకొకటి చెప్పారు. తండ్రులయ్యాక వాళ్ళలో టెస్టోస్టిరాన్ అనే పురుష హార్మోన్ తగ్గింది, రోజుకు మూడు గంటలకు పైగా బిడ్డను చూసుకునేవాళ్ళలో మరింత తక్కువగా ఉంది. (మగతనం తగ్గిపోతుందా అని మీసం తడుముకోనక్కర్లేదు. తగ్గినా అది ఆరోగ్యకరమైన హద్దుల్లోనే.)

ఈ రెండు అధ్యయనాలూ ఒకే సంగతి చెబుతున్నాయి. తల్లికి కొంత మార్పు గర్భంతోనే మొదలవుతుంది. తండ్రిలో మార్పు బిడ్డను ఎత్తుకున్న గంటలను బట్టి వస్తుంది. జనన ధ్రువీకరణ పత్రంలో పేరు పడితే రాదు.

పుట్టింటి పురుడు: మంచీ చిక్కూ

కృష్ణా, గుంటూరు జిల్లాల్లో మొదటి కాన్పు పుట్టింట్లో జరగడం ఇప్పటికీ మామూలే. ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో వెళ్ళిన అమ్మాయి బిడ్డకు మూడో నెలలోనో అయిదో నెలలోనో మంచిరోజు చూసుకుని అత్తారింటికి వస్తుంది. బాలింతకు పత్యం వండేది అమ్మ, బిడ్డకు నూనె రాసి కాళ్ళమీద పడుకోబెట్టి లాల పోసేది అమ్మమ్మ, రాత్రి కాసేపు ఎత్తుకునేది మేనత్తో పిన్నో.

మనిషి జాతిలో బిడ్డను తల్లి ఒక్కతే పెంచడం ఏనాడూ లేదని మానవశాస్త్రవేత్త సారా హర్డీ వాదిస్తారు. ఆ కోణంలో పుట్టింటి పురుడు చక్కటి ఏర్పాటు. తల్లికి అది అవసరం కూడా. మన దేశంలో జరిగిన 38 అధ్యయనాలను కలిపి 2017లో చేసిన సమీక్షలో, ప్రసవం తర్వాత డిప్రెషన్‌కు లోనైన తల్లులు 22 శాతం మంది అని తేలింది. దాన్ని “బిడ్డ పుట్టాక ఆ మాత్రం నీరసం ఉంటుందిలే” అని కొట్టిపారేసే ఇళ్ళే ఎక్కువ. (ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీ మానస్ ఉచిత నంబరు 14416 ఇలాంటివాటికీ పనిచేస్తుంది.)

చిక్కు ఇంకోచోట ఉంది. ఆ అయిదు నెలలూ తండ్రి చుట్టం. శనివారం సాయంత్రం తెనాలికో నరసరావుపేటకో బస్సెక్కుతాడు. అల్లుడు కాబట్టి కుర్చీ వేసి కాఫీ ఇస్తారు. బిడ్డను చీర మడతల్లో చుట్టి చేతికిస్తారు. ఏడవగానే “ఇటివ్వు బాబూ” అని అత్తగారు తీసేసుకుంటారు. బట్ట మార్చడం, త్రేన్పు వచ్చేదాకా వీపు నిమరడం, ఈ ఏడుపు ఆకలిదా నిద్రదా అని పోల్చుకోవడం అతనికి పట్టుబడవు. బిడ్డ ఇంటికొచ్చేసరికి తల్లి ఆరితేరింది, అతను ఇంకా ఓనమాల దగ్గరే ఉన్నాడు. “నీకు చేతకాదులే” అన్న మాట అక్కడ మొదలై చాలా ఇళ్ళలో ఏళ్ళ తరబడి నిలిచిపోతుంది. తల్లిని ఆదుకునే ఆచారమే తండ్రిని పక్కకు జరుపుతోంది.

ఇందుకు మరో వైపూ ఉంది. అమ్మమ్మ లేని విజయవాడ ఫ్లాటులో, పది రోజులు కూడా సెలవు దొరకని భర్తతో ఆ తొలి నెలలు గడపడం కంటే పుట్టిల్లే నయమని చాలామంది బాలింతలు అంటారు. వాళ్ళ మాట కాదనలేం. ఈ మధ్య కొన్ని కుటుంబాల్లో అమ్మమ్మే కూతురి ఇంటికి వచ్చి ఉంటోంది. అప్పుడు తండ్రి పక్కన ఉంటాడు గానీ, అత్తగారి ముందు బిడ్డ బట్టలు ఉతకడానికి మొహమాటపడతాడు. దాన్ని పరిష్కరించే పరిశోధన ఏదీ ఇంకా రాలేదు.

ఎదుగుదల అంటే రోజువారీలో ఎలా ఉంటుంది?

మనస్తత్వ శాస్త్రవేత్త ఎరిక్ ఎరిక్సన్ మనిషి జీవితాన్ని ఎనిమిది దశలుగా విడదీశారు. నడివయసు దశలో మనిషికి ఎదురయ్యే పని తన తర్వాతివాళ్ళ కోసం ఏదైనా చేయడం, లేకపోతే తనలో తాను గిడసబారిపోవడం అన్నారు. పిల్లల్ని పెంచడం అందుకు ఒక దారి. పాఠం చెప్పడం, పని నేర్పడం, ఊరికి ఉపయోగపడటం కూడా దారులేనని ఆయన స్పష్టంగానే చెప్పారు. పిల్లల్లేనివాళ్ళు ఎదగరన్న మాటకు ఈ సిద్ధాంతంలో చోటు లేదు.

పసిపిల్లలు తెచ్చే ఎదుగుదలకు ప్రత్యేకత మరోచోట ఉంది. అది అడక్కుండా, రోజూ, మనకు ఓపిక లేని వేళల్లో వస్తుంది.

మొదటిది కుతూహలం. ప్రకాశం బ్యారేజీ మీద స్కూటర్ ముందు నిలబడ్డ నాలుగేళ్ళ పిల్లాణ్ణి చూడండి. “నాన్నా, ఈ తలుపులెన్ని?” తండ్రి ఆ దారిన పదేళ్ళుగా తాడేపల్లి వెళ్ళొస్తున్నాడు, ఎప్పుడూ లెక్కపెట్టలేదు. ఇంటికెళ్ళి వెతికితే 70 అని తెలిసింది. “ఎందుకు మూశారు?” నీళ్ళు కాలువల్లోకి వెళ్ళడానికి. “ఏ కాలువ?” ఊరి మధ్యనుంచి వెళ్ళే బందరు, ఏలూరు, రైవస్ కాలువలు మూడూ ఇక్కడే పుడతాయని అప్పుడు చెప్పుకొచ్చాడు. “అంతకుముందు తలుపుల్లేవా?” పాత ఆనకట్ట 1952లో తెగిపోయిందనీ, ఈ బ్యారేజీ 1957లో పూర్తయిందనీ తండ్రికీ అదే తెలియడం. ఇంత చెప్పాక పిల్లాడు అడిగింది, “చేపలకు తలుపు ఎవరు తీస్తారు?” అని. అందుకు జవాబు ఇంకా దొరకలేదు. పదేళ్ళు చూడకుండా దాటిన నదిని ఆ మనిషి ఇప్పుడు చూస్తున్నాడు. పెంపకంలో వచ్చే సంతోషమూ ఎదుగుదలా ఇక్కడ వేర్వేరు కావు.

రెండోది కోపం. రెండు మూడేళ్ళ పిల్లలు నేలమీద పడి దొర్లి ఏడవడం మొండితనం అనిపిస్తుంది గానీ, ఆవేశాన్ని అదుపు చేసే మెదడు ముందుభాగం ఆ వయసులో ఇంకా తయారు కాలేదు. అది పూర్తిగా పక్వమయ్యేది ఇరవై దాటాకే. ఈలోగా బిడ్డకు అదుపు బయటినుంచి, పక్కనున్న పెద్దమనిషి గొంతులోంచి రావాలి. బీసెంట్ రోడ్డులో బొమ్మల కొట్టు ముందు బిడ్డ బోర్లా పడుకుని అరుస్తుంటే, నలుగురూ చూస్తుంటే, చెయ్యి లేవకుండా, గొంతు పెంచకుండా నిలబడటం చిన్న విద్య కాదు. అది ఆఫీసులోనూ పనికొస్తుంది. అందరికీ వస్తుందని మాత్రం చెప్పలేం. నిద్ర చాలనివాళ్ళకు, అప్పుల టెన్షన్‌లో ఉన్నవాళ్ళకు ఉన్న ఓర్పు కూడా పోవచ్చు. ఎదుగుదల హామీ కాదు, అవకాశం.

మూడోది కన్నవాళ్ళతో లెక్క సరిచూసుకోవడం. “మా నాన్న నన్ను ఒక్కసారీ ఎత్తుకోలేదు” అని ముప్ఫై ఏళ్ళు మనసులో పెట్టుకున్నవాడు, మనవణ్ణి మెడమీద కూర్చోబెట్టుకుని గుంటూరు గాంధీ పార్కు చుట్టూ తిప్పుతున్న అదే నాన్నను చూస్తాడు. కొందరికి మనసు మెత్తబడుతుంది. కొందరికి “నాకెందుకు చేయలేదు” అని కొత్తగా మండుతుంది. రెండూ ఎదుగుదలలో భాగమే అనుకుంటాను.

బ్రిటిష్ శిశు వైద్యుడు డోనాల్డ్ వినికాట్ చెప్పిన మాట కూడా ఇక్కడ పనికొస్తుంది. బిడ్డకు లోపం లేని తల్లి అక్కర్లేదు, చాలినంత మంచి తల్లి చాలు. చిన్న చిన్న పొరపాట్లు, కాస్త ఆలస్యాలు బిడ్డకు లోకాన్ని పరిచయం చేస్తాయి. రీల్స్‌లో కనిపించే అయిదు రంగుల టిఫిన్ బాక్సులు చూసి దిగులుపడేవాళ్ళకు ఈ మాట ఎక్కువ అవసరం.

పిల్లలు పుడితే జంట దగ్గరవుతుందా?

“ఒక బిడ్డ పుడితే అన్నీ సర్దుకుంటాయి” అనేది పెద్దల మాట. ఆధారాలు దీన్ని బలపరచవు. బ్రయన్ డాస్ బృందం అమెరికాలో 218 జంటలను ఎనిమిదేళ్ళు గమనించి 2009లో చెప్పినదాని ప్రకారం, మొదటి బిడ్డ పుట్టగానే జంట సంతృప్తి ఒక్కసారిగా పడింది. పిల్లల్లేని జంటల్లోనూ అదే ఎనిమిదేళ్ళలో తగ్గింది, కాకపోతే మెల్లగా. బిడ్డ కొత్త పగులు తెచ్చిందో, ఉన్న పగులును ముందే బయటపెట్టిందో ఆ లెక్కలను బట్టి తేల్చడం కష్టం. సర్దుబాటు కోసం బిడ్డను కనడం మాత్రం నిలవని లెక్క.

రెండు, మూడు: అంకె పెరిగితే సంతోషమూ పెరుగుతుందా?

వార్తల్లో ఉన్న ప్రశ్న ఇదే. మిర్స్‌కిలా, మార్గోలిస్ జర్మనీ, బ్రిటన్ కుటుంబాలను ఏళ్ళ తరబడి గమనించిన వివరాలతో 2014లో చూపించింది ఇది: మొదటి బిడ్డ పుట్టే ముందూ పుట్టిన ఏడూ సంతోషం బాగా పెరుగుతుంది, రెండో బిడ్డకు అందులో సగం, మూడో బిడ్డకు దాదాపు ఏమీ లేదు. డెన్మార్క్‌లో కవలల మీద 2005లో వచ్చిన అధ్యయనంలోనూ మొదటి బిడ్డతోనే సంతోషం పెరిగింది. ఆ తర్వాతి పిల్లల వల్ల తల్లుల సంతోషం కాస్త తగ్గింది, తండ్రులకు తేడా పడలేదు. మూడో బిడ్డ మీద ప్రేమ తక్కువని దీని అర్థం కాదు. అవే రెండు చేతులు, అవే ఇరవై నాలుగు గంటలు.

దీనికి ఎదురు వాదనా విని తీరాలి. ఒక్కడే బిడ్డ ఉన్న ఇంట్లో రేపు నలుగురు వృద్ధుల బాధ్యత ఆ ఒక్కడి మీదే పడుతుంది, తోబుట్టువు లేకుండా ఆడుకోవడం బెంగే, ఆ సంతోషాలు పసితనపు సర్వేల్లో దొరకవు అని రెండో బిడ్డ కావాలనేవాళ్ళు అంటారు. నలభై దాటాక సంతోషం తిరగబడుతుందన్న 86 దేశాల లెక్క వాళ్ళ వైపే మొగ్గుతుంది.

ఇక సాయం చేసే చేతుల సంగతి. రాష్ట్రంలో 2025లో మొదలైన తల్లికి వందనం పథకం కింద ఏటా ఒక్కో విద్యార్థి పేరున 15,000 రూపాయలు కేటాయిస్తున్నారు, ఎంతమంది పిల్లలున్నా. అయితే అది ఒకటో తరగతి నుంచి మొదలవుతుంది. ఈ వ్యాసమంతా మాట్లాడుకున్న తొలి అయిదేళ్ళకు ఉన్నది అంగన్‌వాడీ. అక్కడ పోషకాహారం, ఆటపాటలు ఉంటాయి గానీ తల్లి ఆఫీసు వదిలేదాకా తెరిచి ఉండదు. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న ప్రసూతి ప్రయోజన చట్టానికి 2017లో చేసిన సవరణ 50 మంది, ఆపైన ఉద్యోగులున్న సంస్థలో క్రెష్ (పసిపిల్లల్ని చూసుకునే చోటు) ఉండాలంది. బీసెంట్ రోడ్డు బట్టల కొట్లలో, గుంటూరు మిర్చి యార్డు చుట్టూ ఉన్న చిన్న సంస్థల్లో పనిచేసేవాళ్ళు చాలామంది ఆ గీతకు ఇవతలే ఉంటారు. అదే చట్టం మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల జీతంతో సెలవు ఇచ్చింది, మూడో కాన్పుకు 12 వారాలే. తండ్రికి కేంద్ర ప్రభుత్వ ఉద్యోగమైతే 15 రోజులు. ప్రైవేటు ఉద్యోగమైతే ఆ చట్టంలో అతనికి ఒక్క రోజూ లేదు.